సర్వ్ టాస్ ఎంత ముందుకు వేయాలి: జానెడా, మూరెడా?

టెన్నిస్‌లో సర్వ్, అంటే పాయింట్ మొదలుపెట్టే దెబ్బ, నేర్చుకునే ప్రతివాళ్లూ టాస్ (కొట్టడానికి ముందు బంతిని పైకి ఎగరెయ్యడం) గురించి వినే మాట ఒకటుంది: "బంతి ఇంకొంచెం ముందుకు వెయ్యి." సరే, వేస్తాం. ఇంకొంచెం అంటే ఎంతో మాత్రం ఎవరూ చెప్పరు. జానెడా, మూరెడా, బారెడా? నేను చాలాకాలం ఈ మాటకి బుద్ధిగా తలూపి, మళ్లీ బంతిని నెత్తి మీదికే వేసుకుని, వెనక్కి విల్లులా వంగి కొట్టేవాణ్ణి. బంతి సర్వీస్ బాక్స్ (అవతలివైపు సర్వ్ పడాల్సిన గడి) దాటిపోయేది, సాయంత్రానికి నడుం పట్టేసేది. చివరికి తేలిందేమిటంటే జవాబు నిజంగానే మూరెడు. మాటవరసకి అనడం లేదు. మీ మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా ఉన్న మూర, మీ ముందుకాలి బొటనవేలి దగ్గర్నుంచి కోర్టులోకి కొలవండి. టాస్ వేసి కొట్టకుండా వదిలేస్తే బంతి దాదాపు అక్కడ పడాలి.

అడుగుల్లో చెప్పమంటే ఫ్లాట్ సర్వ్‌కి (బంతిని తిప్పకుండా తిన్నగా కొట్టేది) బేస్‌లైన్, అంటే కోర్టు చివరి గీత, లోపలికి ఒక అడుగు నుంచి రెండడుగులు అని చెప్తారు, మూర అంటే సుమారు అడుగున్నర కాబట్టి ఆ మధ్యలోనే వస్తుంది. నాకు మూర ఎందుకు నచ్చిందంటే అది మీ చెయ్యి. పొడుగువాళ్లకి పొడుగు మూర, పొట్టివాళ్లకి పొట్టి మూర, పిల్లలకి పిల్లల మూర. పన్నెండేళ్ల పిల్లాడికి రెండడుగుల ముందు టాస్ వేయమంటే వాడు బంతి వెనకాల పరుగెత్తాలి.

ఇక్కడ రాసేదంతా కుడిచేతి వాటం వాళ్ల కోసం. ఎడమచేతి వాళ్లు కుడీ ఎడమా అద్దంలో చూసినట్టు తిప్పుకుని చదువుకోండి.

అసలు ముందుకి ఎందుకు

చిన్న లెక్క చూడండి. మీ రాకెట్ బంతిని 2.6 మీటర్ల ఎత్తులో తాకుతుందనుకుందాం, మామూలు ఎత్తున్న పెద్దవాళ్లకి అంత వస్తుంది. బేస్‌లైన్ నుంచి నెట్ 11.885 మీటర్లు, నెట్ మధ్యలో ఎత్తు 0.914 మీటర్లు, నెట్ అవతల సర్వీస్ లైన్ (సర్వీస్ బాక్స్ చివరి గీత) 6.40 మీటర్లు. సరిగ్గా బేస్‌లైన్ మీద నుంచి, నెట్ అంచుని రాసుకుంటూ వెళ్లేలా ఒక తిన్నని గీత గీస్తే అది నేలను తాకేది సర్వీస్ లైన్ దాటాక 4 సెంటీమీటర్ల అవతల. అంటే ఫాల్ట్, చెల్లని సర్వ్! అదే గీతని అర మీటరు లోపలి నుంచి మొదలుపెట్టండి, ఈసారి లైన్‌కి 20 సెంటీమీటర్లకి పైగా ఇవతలే పడుతుంది. నిజానికి బంతి గీతలా తిన్నగా పోదు, బరువుకి కిందికి దిగుతుంది, స్పిన్ వేస్తే ఇంకా దిగుతుంది, అందుకే మనలాంటి వాళ్ల సర్వ్‌లు కూడా లోపల పడుతున్నాయి. అయినా అర మీటరుతో ఎంత తేడా వచ్చిందో చూశారుగా.

ఇంతకంటే పెద్ద కారణం ఒంటి బరువు. బంతి ముందు ఉంటే కాళ్ల నుంచి లేచిన బలమంతా దాని వెనకాలే పోతుంది. బంతి తల మీదో తల వెనకో ఉంటే ఒళ్లు ఒకవైపు, చెయ్యి ఇంకోవైపు వెళ్లి, మిగిలేది భుజం బలం ఒక్కటే. భుజం నొప్పి అంటూ వచ్చేవాళ్లని నేనైతే ముందు టాస్ వేసి చూపించమంటాను.

1. కాళ్లు సర్దుకోండి

ఎడమ కాలు ముందు, లైన్‌కి రెండు మూడు అంగుళాలు వెనక, బొటనవేలు కుడివైపు నెట్ పోస్ట్ వైపు చూస్తూ ఉండాలి. కుడి కాలు భుజాల వెడల్పంత వెనక. లైన్ తొక్కితే ఫుట్ ఫాల్ట్, అది అందరికీ తెలుసు. కానీ చాలామంది ఈ రూల్‌ని తప్పుగా అర్థం చేసుకుని బంతి కూడా లైన్ దాటకూడదేమో అనుకుంటారు. బంతికి అలాంటి రూల్ లేదు. రాకెట్ బంతిని తాకేలోపు మీ కాలు లైన్‌ని గానీ లోపలి నేలని గానీ తాకకూడదు, అంతే. బంతి, రాకెట్, మీ ఒళ్లు, అన్నీ గాల్లో లైన్ దాటి లోపల ఉండొచ్చు. కొట్టాక కోర్టు లోపల దిగొచ్చు, అసలు దిగాలి కూడా.

2. మూర కొలిచి గుర్తు పెట్టండి

అలాగే వంగి, మోచేయి బొటనవేలి పక్కన ఆనించి, నెట్ వైపు చెయ్యి చాపండి. మధ్యవేలి కొస ఎక్కడికొచ్చిందో అక్కడి నుంచి బెత్తెడు కుడికి జరిగి సుద్దముక్కతో ఒక గుండ్రం గీయండి, లేదా చేతిరుమాలు మడిచి పెట్టండి. గుండ్రం చిన్నదిగా గీసి మనసు కష్టపెట్టుకోవద్దు, అన్నం తినే పళ్లెం అంత ఉంటే చాలు. కొట్టడం మొదలుపెట్టినప్పుడు రుమాలు తీసేయండి, దాని మీద దిగితే జారతారు.

వంగే ఓపిక లేకపోతే రాకెట్‌ని నేల మీద పెట్టండి, పిడి చివర బొటనవేలికి తగిలేలా, తల కోర్టులోకి చూసేలా. మామూలు రాకెట్ 27 అంగుళాలు, అంటే మూరన్నర. అందులో తీగలున్న భాగం సుమారు సగం. టాస్ ఆ తీగల పక్కన పడుతుంటే మీరు బాగానే వేస్తున్నట్టు. తీగల్లో మూడోవంతు దాటిన చోట పడితే మూర, తీగల చివర పడితే మూరన్నర. ఆ మూరన్నర బాగా ఎగిరి కొట్టేవాళ్లకి, వాళ్లు గాల్లోనే ముందుకి వెళ్లిపోతారు కాబట్టి సరిపోతుంది. ఎగరకుండా కొట్టేవాళ్లు మూర దగ్గరే ఆగండి, వారంలో రెండు రోజులు ఆడేవాళ్లకి అంతకంటే ముందుకి అవసరమే లేదని నా ఉద్దేశం.

3. రాకెట్ పక్కన పెట్టి, ఉత్త టాస్ వేయండి

ఎక్కువసేపు ఉండాల్సింది ఇక్కడే, అందరూ దాటేసేదీ ఇదే.

బంతిని అరచేతిలో పెట్టి పిడికిలి బిగించొద్దు. వేళ్ల కొసల మీద, నీళ్లు నిండిన గ్లాసు పట్టుకున్నంత నెమ్మదిగా పట్టుకోండి. మోచేయి వంచొద్దు, మణికట్టు విదపొద్దు. చెయ్యి మొత్తం కర్రలా భుజం దగ్గర్నుంచి లేవాలి. టాస్ అని పేరే గానీ నిజానికి ఇది విసరడం కాదు, అటక మీద ఏదో వస్తువు పెట్టడానికి చెయ్యి ఎత్తినట్టుండాలి. ఆ ఎత్తే ఊపులోనే వేళ్లు విచ్చుకుంటాయి, బంతి తనంతట తను పైకి పోతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. మీ చెయ్యిని గడియారం ముల్లు అనుకోండి, ఇరుసు భుజం. చెయ్యి నేలకి సమాంతరంగా ఉన్నప్పుడు వదిలితే బంతి తిన్నగా పైకి వెళ్తుంది. ఇంకా కిందుండగానే వదిలితే ముందుకి పోతుంది. చెయ్యి బాగా పైకి వెళ్లాక వదిలితే వెనక్కి, మీ నెత్తి మీదికి వస్తుంది. బంతి ఎక్కడ పడాలో తేల్చేది మీరు వాడే బలం కాదు, ఎప్పుడు వదిలారన్నది. నా టాస్ ఎప్పుడూ తల మీదికే వచ్చేది, ఎందుకంటే భయంతో బంతిని పట్టుకునే ఉండి ఆలస్యంగా వదిలేవాణ్ణి, పైగా చివర్లో మణికట్టుతో ఒక విదుపు. ముందుకు వెయ్యి, ముందుకు వెయ్యి అని ఎంతమంది అన్నా అది బాగుపడలేదు. "కాస్త ముందే వదులు" అని ఒక్కరు అంటే ఆ రోజే సగం బాగుపడింది.

కంటి ఎత్తు దగ్గర వదలమని సాధారణంగా చెప్తారు. కంటి ఎత్తంటే చెయ్యి సమాంతరం కంటే కాస్త పైన కదా, మరి బంతి వెనక్కి రాదా అని మీకు అనుమానం రావొచ్చు. రావాలి, కానీ అదే సమయంలో మీ నడుం, బరువు ముందుకాలి మీదికి జరుగుతున్నాయి కాబట్టి ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. అందుకే కదలకుండా కట్టుకొయ్యలా నిలబడి టాస్ ప్రాక్టీస్ చేస్తే అది మ్యాచ్‌లో పనికిరాదు. ఉత్త టాస్ వేసేటప్పుడు కూడా బరువు వెనక కాలి నుంచి ముందుకాలికి జరగనివ్వండి.

చెయ్యి ఎత్తే దిక్కు కూడా ముఖ్యమే. తిన్నగా నెట్ వైపు ఎత్తితే వదలడంలో ఇసుమంత తేడా వచ్చినా బంతి బారెడు ముందుకో, మూరెడు వెనక్కో పోతుంది. కుడివైపు నెట్ పోస్ట్‌ని చూపిస్తున్నట్టు ఎత్తండి, అప్పుడు అదే తప్పు కొంత ముందూ వెనకలకి, కొంత పక్కకి పంచుకుపోతుంది, బంతి పూర్తిగా చేజారదు.

ఇక వేయండి. పది టాస్‌లు, ఒక్కటీ పట్టుకోకుండా, పడనివ్వండి. చెయ్యి పైనే ఉంచి చూడండి. పదిలో ఏడు పళ్లెంలో పడేదాకా రాకెట్ ముట్టుకోవద్దు. మొదటి రోజు మూడు పడినా గొప్పే. ఇంకో సంగతి, బంతి పళ్లెంలో పడింది కదా అని మురిసిపోకండి, ఏ దారిన వచ్చి పడిందో చూడండి. ఒంటికి దగ్గరగా వదిలిన బంతి పెద్ద కమానులా ముందుకి ఎగిరి సరైన చోటే పడొచ్చు, కానీ మీరు కొట్టాల్సిన ఎత్తులో అది ఇంకా తల మీదే ఉంటుంది, ముందుకి వచ్చేది ఆ తర్వాత. చాచిన చేతి నుంచి నిటారుగా లేచి, దాదాపు అదే దారిలో దిగే బంతి కావాలి మనకి.

4. ఎత్తు చూసుకోండి

రాకెట్ పట్టుకుని చెయ్యి పూర్తిగా పైకి చాచండి. ఆ కొస కంటే ఒక అడుగు పైదాకా బంతి వెళ్తే చాలు. ఎక్కువ ఎత్తు వేస్తే టైమ్ ఎక్కువ దొరుకుతుందని అనుకుంటాం గానీ, పైనుంచి పడే బంతి వేగం పుంజుకుంటుంది. 30 సెంటీమీటర్లు పడేసరికి బంతి వేగం సెకనుకు 2.4 మీటర్లు, అదే మీటరు పడితే 4.4 మీటర్లు. అంటే రాకెట్ తీగల ముందు నుంచి దాదాపు రెట్టింపు వేగంతో జారిపోతుంది. పైగా గాల్లో ఎంతసేపు ఉంటే గాలికి అంత పక్కకి పోతుంది.

స్టెఫీ గ్రాఫ్ టాస్ చాలా ఎత్తు, అలా వేసే 22 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచింది. గోరాన్ ఇవానిసెవిచ్ టాస్ చాలా తక్కువ, అలా వేసే 2001లో వింబుల్డన్ కొట్టాడు. కాబట్టి ఇది శిలాశాసనమేం కాదు. కాకపోతే వాళ్లిద్దరూ చిన్నప్పటి నుంచి వేల గంటలు అదే టాస్ వేశారు, మనం అంత చేయలేదు. అడుగు దగ్గర మొదలుపెట్టండి.

5. ఇప్పుడు రాకెట్ తీసుకుని కొట్టండి

మొదట్లో ముందుకి తూలి పడిపోతానేమో అనిపిస్తుంది. మంచిదే, కొంచెం తూలాలి. వెనక్కి వేసి అలవాటైన వాళ్లకి మూరెడు ముందున్న బంతి ఏదో ఊరవతల ఉన్నట్టు కనిపిస్తుంది. ఓ యాభై సర్వ్‌లు ఎక్కడ పడుతున్నాయో పట్టించుకోకుండా కొట్టండి, ఎడమ కాలు కోర్టు లోపల దిగుతోందా లేదా అన్నదొక్కటే చూడండి. మొదటి రోజున చాలావరకు నెట్‌కే తగులుతాయి. అప్పుడు గాభరాపడి టాస్‌ని మళ్లీ వెనక్కి తెచ్చుకోవద్దు. ఇన్నాళ్లూ వెనకున్న బంతిని కొట్టిన చెయ్యి కదా, ముందున్న బంతిని కూడా అదే లెక్కతో కిందికి అణుస్తోంది. పైకి కొట్టండి. నెట్ మీదుగా రెండు మూడడుగుల ఎత్తులో వెళ్లాలని గురి పెట్టుకోండి, నాలుగైదు రోజుల్లో చెయ్యి సర్దుకుంటుంది.

6. తప్పెక్కడుందో ఒళ్లే చెప్తుంది

సర్వ్ అయ్యాక మీరెక్కడ నిలబడ్డారో చూసుకోండి. లైన్ వెనకే ఉండిపోయినా, ఒక అడుగు వెనక్కి వేసినా, బంతి వెనక్కి పడిందన్నమాట, ఆ సర్వ్ లోపల పడినా సరే. దానికి తోడు నడుం వెనక్కి వంగడం, బంతులు పొడుగ్గా పోవడం, బంతి తీగలకి కాకుండా రాకెట్ అంచుకి తగలడం ఉంటే ఇంక అనుమానమే లేదు.

గడ్డం ఛాతీకి ఆనుతూ, నడుం దగ్గర మడతపడి, బంతి నెట్ కింది భాగంలోకి పోతుంటే టాస్ మరీ ముందుకి పోయింది. కొట్టాక మూడు నాలుగు అడుగులు ఆగకుండా పరుగెత్తాల్సి వస్తే కూడా అంతే.

బంతి నెట్‌కి తగిలిన ప్రతిసారీ టాస్‌ని తిట్టొద్దు. టాస్ చక్కగా ఉన్నా, బంతి ఎక్కడ పడుతుందో చూద్దామన్న ఆత్రంలో తల ముందే దించేస్తే, లేదా ఎడమ చెయ్యి ముందే పడేస్తే అదే ఫలితం వస్తుంది. దీన్ని మనంతట మనం కనిపెట్టడం కష్టం. ఫోన్‌ని పక్కన, మీ ముందుకాలికి సూటిగా, నడుం ఎత్తులో పెట్టి వీడియో తీయండి. రాకెట్ బంతిని తాకిన క్షణం దగ్గర ఆపి చూడండి. బంతి నుంచి కిందికి ఒక గీత ఊహించుకుంటే అది ముందుకాలి బొటనవేలి కంటే స్పష్టంగా ముందు పడాలి, చెయ్యి చాచి ఉండాలి, కళ్లు ఇంకా పైనే ఉండాలి. ఈ మూడూ ఉన్నా నెట్‌కే పోతుంటే, గొడవ టాస్‌లో లేదు.

7. స్లైస్, కిక్‌కి ఎంత

స్లైస్‌కి (బంతిని పక్కకి తిప్పే సర్వ్) ముందు దూరం మార్చక్కర్లేదు, దాదాపు అదే మూర. జానెడు కుడికి జరిగితే చాలు, బంతి కుడి పక్కని గీరినట్టు కొట్టడానికి చోటొస్తుంది. చాలామంది బంతిని కుడివైపు ఎక్కడికో వేసి దాని వెంట పడతారు, అప్పుడు స్పిన్ బాగానే తిరుగుతుంది, బలం ఉండదు, పైగా ఏ సర్వ్ వస్తోందో అవతలివాళ్లకి ముందే తెలిసిపోతుంది.

కిక్ (నేల తాకాక ఎత్తుగా లేచే సర్వ్) వేరే సంగతి. రాకెట్ బంతిని కింది నుంచి పైకి రుద్దుతూ పోవాలి కాబట్టి బంతి ఎక్కువ ముందుకి ఉంటే కుదరదు. జానెడు ముందు, పక్కల లెక్కలో తలకి సూటిగా లేదా కాస్త ఎడమగా. వెనక్కి మాత్రం వద్దు, కిక్ పేరుతో నడుం విరుచుకునే వాళ్లని చూశాను. ఫ్లాట్ సర్వ్ టాస్ పదికి ఏడు వచ్చేదాకా కిక్ జోలికి పోకపోవడమే మంచిది.

పీట్ సాంప్రాస్ టాస్ చూసి ఏ సర్వ్ రాబోతోందో పసిగట్టడం చాలా కష్టమని పేరు. మన స్థాయిలో అంత దాపరికం అవసరం లేదు, కానీ మూడు సర్వ్‌ల టాస్‌లూ జానెడు అటూ ఇటూగా ఉంటే మీకే సుఖం, గుర్తుంచుకోవాల్సింది తక్కువ.

8. గాలి, ఎండ, టెన్షన్

ఎదురుగాలి బంతిని మీ మీదికి తోస్తుంది, కాబట్టి ఇంకో బెత్తెడు ముందుకి వేయండి. వెనక గాలి తనే ముందుకి తీసుకుపోతుంది, ఆ బెత్తెడు తగ్గించండి. ఏ గాలికైనా ఎత్తు తగ్గించడం మొదటి మందు. ఎండ సరిగ్గా బంతి వెనకే ఉంటే టాస్ మార్చకండి, మీరే బేస్‌లైన్ వెనకే ఒకటి రెండడుగులు పక్కకి జరగండి, లేదా కాళ్ల దిక్కు కొంచెం తిప్పండి. కష్టపడి కుదుర్చుకున్న టాస్‌ని ఒక్క పూట ఎండ కోసం చెడగొట్టుకోవద్దు.

టెన్షన్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే చెయ్యి బిగుసుకుంటుంది, వేళ్లు ఆలస్యంగా విచ్చుకుంటాయి, బంతి మళ్లీ నెత్తి మీదికి వస్తుంది. సెకండ్ సర్వ్ (మొదటిది ఫాల్ట్ అయ్యాక దొరికే రెండో అవకాశం) అప్పుడు మరీను. 2008లో ప్రపంచ నంబర్ వన్ అయిన ఆనా ఇవానోవిచ్‌కి కూడా టాస్ సరిగ్గా పడక పదేపదే బంతి పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాల్సిన రోజులొచ్చాయి, ఇక మనమెంత! బంతిని నాలుగుసార్లు నేలకేసి కొట్టి, ఊపిరి వదిలి, చేతి వేళ్లు ఒకసారి వదులు చేసుకుని అప్పుడు ఎత్తండి.

టాస్ చెడిపోయిందనిపిస్తే కొట్టకండి, పట్టుకోండి. నేలమీద పడనిచ్చినా పర్వాలేదు. రాకెట్ ఊపకుండా వదిలేసినంత వరకు రూల్ ప్రకారం అది ఫాల్ట్ కాదు. ఎన్నిసార్లన్న లెక్క రూల్‌లో లేదు గానీ, పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య 25 సెకన్లే ఉంటాయి కాబట్టి అదే పనిగా చేయలేం. అవతలివాళ్లకి ఒక సారీ చెప్పి మళ్లీ వేయండి. ఊపి మిస్ అయ్యారో, అది మాత్రం ఫాల్టే.